మెరాపి చుట్టూ అయిదు రోజులు, నదుల వెంట

మొదటి రోజు: యోగ్యకర్త

యోగ్యకర్త ఇండోనేసియాలో, జావా ద్వీపంలోని ఊరు. విమానం దిగేది కులోన్‌ప్రోగోలోని కొత్త విమానాశ్రయంలో. అక్కడి నుంచి రైలెక్కితే ముప్పావు గంటలోపే ఊరి మధ్యలో ఉన్న తుగు స్టేషన్. తెల్లవారుజామున మబ్బు లేకపోతే అక్కడి రోడ్ల మీంచే ఉత్తరాన మెరాపి అగ్నిపర్వతం కనిపిస్తుంది. ఎత్తు సుమారు 2,900 మీటర్లు, ఊరికి ముప్పై కిలోమీటర్ల లోపే. స్లెమాన్, మగెలాంగ్, బోయొలాలి, క్లాతెన్ అనే నాలుగు జిల్లాలు దాని వాలుల్ని పంచుకున్నాయి. జావా ద్వీపంలో ఇంత తరచుగా పేలేది, పేలినప్పుడల్లా ఇంత దగ్గరగా జనం ఉండేది మరో కొండ లేదనే చెప్పాలి.

గది దొరకగానే చేయాల్సిన పని ఆ రోజు నివేదిక చూడటం. మెరాపిని గమనించే సంస్థ బీపీపీటీకేజీ కార్యాలయం యోగ్యకర్తలోనే ఉంది. ప్రమాదస్థాయికి నాలుగు మెట్లు, కింది నుంచి పైకి: నోర్మాల్ (మామూలు), వాస్పద (జాగ్రత్త), సియాగా (సిద్ధంగా ఉండండి), అవాస్ (అన్నిటికన్నా పెద్ద ప్రమాదం). 2020 నవంబర్ 5న మూడో మెట్టయిన సియాగాకి పెంచి, ఏళ్ల తరబడి అక్కడే ఉంచారు. యాత్రికులు చాలామంది మెట్టు పేరు చూసి ఊరుకుంటారు. అసలు చదవాల్సింది దాని కింద ఉండే వాక్యాలు. బోయొంగ్ నది వెంట 5 కిలోమీటర్లు, బెదోగ్, క్రాసాక్, బెబెంగ్ నదుల వెంట 7, వోరో వెంట 3, గెండోల్ వెంట 5 అని ఒక్కో నదికి ఒక్కో దూరం రాసి ఉంటుంది. శిఖరం చుట్టూ గీసే వృత్తం 3 కిలోమీటర్లే. అది పేలుడులో ఎగిరిపడే రాళ్ల కోసం. మనుషుల్ని చంపే వేడిమేఘాలు, అంటే రాతిముక్కలు, బూడిద, వేడి వాయువులు కలిసిన ప్రవాహాలు, వృత్తాల్ని లెక్కచేయవు, లోయ ఎటు పోతే అటు పోతాయి. కాబట్టి ఈ యాత్ర రోడ్డు మ్యాపుతో కాదు, నదుల మ్యాపుతో చేయాలి.

సంచిలో ఎన్95 మాస్కులు, పక్కలు మూసుకునే కళ్లద్దాలు, టార్చి, రెండు లీటర్ల నీళ్లు ఉండాలి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు మామూలు కళ్లజోడుకి మారాలి. అగ్నిపర్వతపు బూడిద పొయ్యిలోని బూడిద లాంటిది కాదు, నలిగిన గాజు, రాయి. లెన్సు కింద చేరితే కనుపాపను గీరేస్తుంది.

మధ్యాహ్నం ఖాళీ ఉంటే ఊరికి తూర్పున సాంబిసారి గుడి చూడాలి. 1966లో ఒక రైతు పొలం తవ్వుతుంటే పారకు రాయి తగిలింది. తవ్వుకుంటూ పోతే తొమ్మిదో శతాబ్దపు శివాలయం బయటపడింది. గర్భగుడిలో లింగం, వెలుపలి గోడ గూళ్లలో దుర్గ, గణపతి, అగస్త్యుడు. గుడి పాదం ఇప్పటి నేలకు ఆరున్నర మీటర్ల దిగువన ఉంది. దాన్ని పూడ్చినవి నదులు మెరాపి నుంచి మోసుకొచ్చిన ఇసుక, బురద. చుట్టూ తవ్విన గోతి అంచున నిలబడి పొరలు చూస్తే, నాలుగో రోజు చూడబోయే పుతిహ్ నది సంగతి సగం ఇక్కడే అర్థమవుతుంది.

రెండో రోజు: కినాహ్రెజో, కలిఆదెమ్

అయిదింటికల్లా బయల్దేరాలి. తొమ్మిది దాటితే శిఖరం మబ్బులో దాక్కుంటుంది. ఊరి నుంచి కలిఉరాంగ్ దాకా పాతిక కిలోమీటర్లు. బస్సుల్ని నమ్ముకోలేం, బండి అద్దెకు తీసుకోవడం మేలు. పైన పాత జీపులు ఉంటాయి. బేరం మనిషికి కాదు, జీపుకి. ఒక దాంట్లో నలుగురు పడతారు. చిన్నది, మధ్యరకం, పెద్దది అని దారులుంటాయి. కినాహ్రెజో, కలిఆదెమ్ బంకర్, పెతుంగ్‌లోని ఇల్లు మూడూ కలిసే దారి అడగాలి. నీళ్లలో జీపు దూకించే విన్యాసం కావాలా అని అడుగుతారు. ఆ సమయం బంకర్ దగ్గర గడిపితే లాభం.

కినాహ్రెజో శిఖరానికి దక్షిణ వాలులో జనం ఉండిన చిట్టచివరి పల్లెల్లో ఒకటి. యోగ్యకర్త సుల్తాను నియమించిన కొండ సంరక్షకుడు మ్బాహ్ మారిజాన్ ఇల్లు ఇక్కడే. 2006లో ఖాళీ చేయమంటే ఆయన కదల్లేదు. ఆ ఏడు వేడిమేఘాలు పక్కన గెండోల్ లోయలోకి, కలిఆదెమ్ మీదికి పోయాయి, ఆయన ఊరు మిగిలింది. దేశమంతా ఆయన పేరు మోగింది, శక్తి పానీయం ప్రకటనలో కూడా కనిపించారు. 2010లో కొండ మళ్లీ పేలినప్పుడు చుట్టుపక్కల వాళ్లు ఊరు వదలకుండా ఆగిపోవడానికి ఆయన మీది నమ్మకం ఒక్కటే కారణం అనడం తేలిక మాట. నాలుగేళ్ల కిందటే ఇదే కొండ పేలింది, ఇదే ఇంట్లో కూర్చున్నారు, ఏమీ కాలేదు. ఆ అనుభవం బరువు తక్కువది కాదు.

కానీ 2010 నాటి శిలాద్రవం వేరు. మెరాపి మామూలు తీరు ఏమిటంటే, చిక్కటి లావా బిలంలోంచి నెమ్మదిగా ఉబ్బి గుమ్మటంలా పేరుకుంటుంది. ఒకవైపు ఒరిగి కూలితే ఆ ముక్కలు, బూడిద, వేడి వాయువులు కలిసి లోయలోకి దూకుతాయి. ఈసారి వాయువులు నిండిన శిలాద్రవం లోపలి నుంచి వేగంగా పైకొచ్చింది. గుమ్మటం కట్టే తీరిక లేకుండానే పేలుడుతో మొదలైంది. ముందస్తు సంకేతాలు లేవని మాత్రం అనలేం. వాలు మీద అమర్చిన అద్దాలకు కింది నుంచి లేజర్ కొట్టి, అది తిరిగొచ్చే సమయాన్నిబట్టి దూరం కొలుస్తారు. దక్షిణ అంచు బయటికి ఉబ్బడం చివరికి రోజుకు దాదాపు అర మీటరుకు చేరింది. సెప్టెంబర్ 20న వాస్పద, అక్టోబర్ 21న సియాగా, 25 ఉదయం అవాస్ ప్రకటించి పది కిలోమీటర్ల లోపు ఖాళీ చేయమన్నారు. మర్నాడు సాయంత్రం అయిదు దాటగానే తొలి మేఘం కినాహ్రెజోను కమ్మేసింది. ముప్పైమందికి పైగా చనిపోయారు. మారిజాన్, ఆయన ఇంటికి వచ్చి ఉన్న ఒక విలేకరి, రెడ్‌క్రాస్ స్వచ్ఛంద సేవకుడు వారిలో ఉన్నారు. అవాస్ ప్రకటన తర్వాత దాదాపు రోజున్నర గడువు దొరికింది. ఆ గడువు ఎలా కరిగిందో మూడో రోజు ఊళ్లలో తెలుస్తుంది.

అక్కణ్నుంచి కలిఆదెమ్ బంకర్. కాంక్రీటు గోడలు, ఇనుప తలుపు, లోపల చిన్న గది, స్నానాల గది. 2006 జూన్ 14న ఇద్దరు స్వచ్ఛంద సేవకులు ఇందులో తలదాచుకుని చనిపోయారు. బంకర్ కూలలేదు. రాలే బూడిదని, క్షణాల్లో దాటిపోయే వేడి గాలిని ఇలాంటి గది ఆపగలదు. కానీ ఆ రోజు మీటర్ల మందాన కాలుతున్న రాతిపొడి వచ్చి దాని మీద, తలుపు ముందు కూర్చుంది. కూర్చున్నది చల్లారడానికి రోజులు కాదు, నెలలు పడుతుంది. గోడల్లోంచి వేడి లోపలికి పాకుతూనే ఉంటుంది, తలుపు తెరిచే వీలుండదు. వేడిమేఘపు దారిలో ఆశ్రయం కట్టడమే పొరపాటు. ముందే వెళ్లిపోవడానికి బదులుగా చేసే ఏ ఏర్పాటూ ఈ కొండ మీద పనికిరాలేదు.

పెతుంగ్‌లో కాలిపోయిన ఒక ఇంటిని ఉన్నదున్నట్టు మ్యూజియం చేశారు. కరిగి వంగిన సీసాలు, ముద్దకట్టిన ప్లాస్టిక్, ఆవు ఎముకలు, 12:05 దగ్గర ఆగిన గోడ గడియారం. 2010 నవంబర్ 5, అర్ధరాత్రి దాటిన అయిదు నిమిషాలు. గడియారం ముందు ఫొటోల వరస ఉంటుంది. అగ్నిపర్వతాల సంగతి తెలిసినవాళ్లు కరిగిన వస్తువుల దగ్గర ఎక్కువసేపు ఆగుతారు. ఏ వస్తువు కరిగింది, పక్కనున్న ఏది కరగలేదు అని పోల్చి చూసే ఇంటిలోపలి వేడిని అంచనా కడతారు.

తిరుగుదారిలో కలిఉరాంగ్ నుంచి పడమరగా చూస్తే తుర్గో గుట్ట. 1994 నవంబర్ 22న అక్కడ పెళ్లి జరుగుతోంది. గుమ్మటం కూలి బోయొంగ్ లోయలోకి వచ్చిన మేఘం పల్లెను తాకింది. అరవైమందికి పైగా పోయారు. అంతకుముందు కొన్నేళ్లుగా మేఘాలు పోయింది వేరే వైపు. గుమ్మటం ఎటు ఒరిగితే అటువైపు ఊళ్లది ఆ దశాబ్దపు వంతు.

మూడో రోజు: గెండోల్ దిగువన

ఈ రోజు జీపు అక్కర్లేదు. మోటార్‌సైకిల్ చాలు, కానీ ఇసుక లారీలతో జాగ్రత్త. బ్రోంగ్గాంగ్ పల్లె శిఖరానికి ఎంతో దూరం, 2010లో ఇంతలోపు ఖాళీ చేయాలని గీసిన 15 కిలోమీటర్ల గీత దగ్గర్లో ఉంటుంది. పచ్చటి వరిచేలు, తలెత్తి చూస్తే తప్ప కొండ గుర్తుకు రాదు. ఆ ఏడు నవంబర్ 3న గీతను 10 నుంచి 15కి జరిపారు. 5న అర్ధరాత్రి దాటాక వచ్చిన వేడిమేఘం గెండోల్ వెంట పదిహేను కిలోమీటర్లకు పైగా దిగింది. అప్పటికే వారం పది రోజులుగా వచ్చిన పదార్థంతో లోయ పైభాగం పూడిపోయి ఉంది, అడ్డకట్టల వెనక ఖాళీలూ నిండిపోయాయి. లోతు లేని లోయ వంపు దగ్గర మేఘాన్ని పట్టి ఉంచలేకపోయింది. బరువైన భాగం గట్టు దాటి ఒలికింది. తేలికైన వేడిగాలి, బూడిద వంపు తిరగకుండా నేరుగా ఊరి మీదికి వచ్చాయి. నిద్రలో ఉన్నవాళ్లకి సైరన్ వినిపించినా చేతిలో ఉన్నవి నిమిషాలే. ఆ విస్ఫోటంలో మొత్తం మృతులు 350 మందికి పైగా. 1872 తర్వాత మెరాపికి అదే అతిపెద్దది.

ఆ రాత్రే గీత 20 కిలోమీటర్లకు జరిగింది. అంటే శిబిరాలే గీత లోపల పడ్డాయి. చీకటి, బూడిద కలిసిన వాన, అద్దం మీద వైపర్ వేస్తే గీతలు పడి ఏమీ కనిపించని వాహనాలు, ఒకే రోడ్డున కిందికి వేలమంది. చాలామంది మాగువోహార్జో ఫుట్‌బాల్ స్టేడియంలో చేరారు. చివరికి ఇళ్లు వదిలినవారి సంఖ్య నాలుగు లక్షలకు దగ్గరపడింది. అప్పటి యోగ్యకర్త విమానాశ్రయం నవంబర్ 20 దాకా మూతపడింది. ఆ తరలింపు 10,000 నుంచి 20,000 ప్రాణాలు కాపాడిందని తర్వాత శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. 2010 గురించి చెప్పుకునేటప్పుడు ఈ లెక్క మరుగున పడిపోతుంటుంది.

ఇక రోజున్నర గడువు ఎలా కరిగింది అన్న ప్రశ్న. ఈ వాలుల్లో బతుకు పాడి మీద. పాలిచ్చే ఆవు రోజుకు ముప్పై నలభై కిలోల పచ్చిమేత తింటుంది, రెండు పూటలా పితకాలి. పితక్కపోతే పొదుగు వాచి పాడవుతుంది. శిబిరంలో మనిషికి అన్నం పొట్లం దొరుకుతుంది, కొండ మీద కట్టేసిన ఆవుకి దొరకదు. అందుకే తెల్లారగానే మగవాళ్లు పైకి వెళ్లి గడ్డి కోసి, పాలు పితికి, చీకటి పడేలోపు దిగేవాళ్లు. దీన్ని మూర్ఖత్వం అనేవాళ్లకి ఆవు ధర తెలియదు. ప్రభుత్వం పశువుల్ని కొంటామని ప్రకటించాకే పైకి పోయేవాళ్లని ఆపడం కొంత వీలైంది. 2020 నవంబర్‌లో గ్లగహార్జో గ్రామ కార్యాలయానికి పై పల్లెలవాళ్లని దించినప్పుడు ఈ పాఠం కనిపించింది. మనుషుల బసకు దగ్గర్లోనే పశువులకూ కొట్టం వేశారు. ఇలాంటి కొట్టానికి ముందుగా లెక్కేయాల్సింది రేకులు కాదు. పది ఆవులంటే రోజుకు మూడు నాలుగు క్వింటాళ్ల మేత, దాన్ని బూడిద పడని చోటు నుంచి తెచ్చే బండి, పేడ తీసే మనుషులు, పాలు తీసుకెళ్లే సహకార సంఘం వాహనం. ఒక్కటి తప్పినా మళ్లీ జనం కొండెక్కుతారు.

మధ్యాహ్నం పగెర్జురాంగ్ పునరావాస కాలనీ. కుటుంబానికి 100 చదరపు మీటర్ల స్థలం, అందులో 36 చదరపు మీటర్ల ఇల్లు, కట్టుబడికి 3 కోట్ల రూపియా. డబ్బు గుత్తేదారు చేతికి కాకుండా ఇళ్లవాళ్ల బృందాలకే ఇచ్చి, వాళ్లచేతే లెక్కలు రాయించి కట్టించారు. భూకంపాన్ని తట్టుకునేలా స్తంభాలు, దూలాలు ఎలా ముడివేయాలో దగ్గరుండి నేర్పారు. ఇళ్లు గట్టివే. చిక్కు వేరేచోట ఉంది. కొట్టాలు ఉమ్మడిగా, ఇళ్లకి దూరంగా కట్టారు. పాత ఇంట్లో గోడ అవతలే ఉండిన ఆవును ఇప్పుడు రాత్రి చూడాలంటే నడవాలి. అందుకే కొన్నిళ్ల వెనక తర్వాత పొడిగించిన వంటిళ్లు, చిన్న పాకలు కనిపిస్తాయి. పాత భూములు వాళ్లవే, పంట వేసుకోవచ్చు, రాత్రి ఉండకూడదన్నది ఒప్పందం. పైన కలితెంగాహ్ లోర్, కలితెంగాహ్ కిడుల్, స్రునెన్ పల్లెలవాళ్లు ఈ ఒప్పందానికి ఒప్పుకోలేదు, కొండ మీదే ఇళ్లు మళ్లీ కట్టుకున్నారు.

నాలుగో రోజు: పుతిహ్ నది, మగెలాంగ్ వైపు

జోంబోర్ బస్టాండులో మగెలాంగ్ బస్సెక్కితే జుమోయో దగ్గర దిగొచ్చు. వానాకాలమైతే ఈ రోజుని మధ్యాహ్నం ఒంటిగంటలోపు ముగించుకోవాలి. నవంబర్ నుంచి మార్చి దాకా వాన సాధారణంగా మధ్యాహ్నం తర్వాతే.

విస్ఫోటం ఆగినా కొండ మీద మిగిలిన వదులు బూడిద, ఇసుక ఏళ్లపాటు కిందికి వస్తూనే ఉంటాయి. అవే లహార్లు, అంటే బురద ప్రవాహాలు. మెరాపి మీద రెండు గంటల్లో 40 మిల్లీమీటర్ల వాన పడితే లహార్ మొదలయ్యే అవకాశం ఎక్కువని కొలతలు చెబుతాయి. వేడి పదార్థం కొత్తగా పడి ఉంటే అంతకంటే తక్కువకే కదులుతుంది. వెయ్యి మీటర్ల ఎత్తులో వేగం సెకనుకు 5 నుంచి 7 మీటర్లు. నీళ్ల కంటే బరువైన ఆ బురద ఇంటంత బండల్ని తేల్చుకొస్తుంది. పైన వాన పడుతుంటే కింద ఎండ కాస్తుంటుంది, ఇసుక తవ్వేవాళ్లు దెబ్బతినేది అందుకే. నదిలో నీళ్లు ఉన్నట్టుండి తగ్గడం, లోయలోంచి లారీ వస్తున్నట్టు అదురు, గంధకం కలిసిన మట్టి వాసన: వీటిలో ఏది తోచినా నది వెంట కిందికి పరుగెత్తకూడదు, అడ్డంగా గట్టెక్కాలి. వంతెన మీద నిలబడి వీడియో తీయడం మరీ ప్రమాదం. దుంగలు, బండలు ముందు ఇరుక్కునేది వంతెన కిందే.

2011 జనవరిలో జుమోయో దగ్గర జరిగింది చూడండి. పుతిహ్ నది ఇక్కడ పక్కకి వంగుతుంది. బురద వంపు తిరగలేదు, పాతకాలపు కాలువ దారినే నేరుగా వచ్చి యోగ్యకర్త–మగెలాంగ్ రహదారిని దాటి ఇళ్లని ముంచింది. ఆ దారిలో రాకపోకలు పదేపదే తెగిపోయాయి. నది మర్చిపోయిందనుకున్న దారిలో జనం ఇళ్లు కట్టుకున్నారు.

నది వెంట పైకి పోతే సాబో ఆనకట్టలు. జపాన్ సాయంతో 1970ల నుంచి మెరాపి నదుల మీద కట్టినవి రెండు వందలకు పైనే. ఇవి నీటిని ఆపే డ్యాములు కావు. మధ్యలో రంధ్రాలుంటాయి, నీరు పోతుంది, బండలూ ఇసుకా వెనక మిగులుతాయి, వాలు తగ్గి వేగం చస్తుంది. నిండిన ఆనకట్ట ఖాళీ చేయకపోతే తర్వాతి ప్రవాహానికి దాని వెనక చోటే ఉండదు, మెట్టు మీంచి పొంగి పక్కకి ఒలుకుతుంది. ఇసుక తవ్వకం ఈ విధంగా మేలే. అయితే లాభం కోసం ఆనకట్ట పాదం దగ్గర తవ్వితే పునాది కింద బోలు ఏర్పడి కట్టే కూలుతుంది. ఒకే పారతో రెండు పనులూ జరుగుతున్నాయి. ఎక్కడ తవ్వొచ్చన్న హద్దు రాయి ఏ నదిలోనూ ఎక్కువకాలం నిలవదు.

స్రుంబుంగ్ చుట్టుపక్కలంతా సలక్ తోటలు, ముళ్ల మట్టలు, పాముపొలుసు తొక్క పండ్లు. 2010లో తడిసిన బూడిద బరువుకి మట్టలు విరిగి నేలకూలాయి. విరిగినవి కోసేసి, మొవ్వులోని బూడిద తీసి, కొత్త మట్టలు వచ్చి మళ్లీ కాపు పట్టేదాకా చేతిలో పంట లేదు.

బబదాన్ పరిశీలన కేంద్రం శిఖరానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. లోపలికి వెళ్లాలంటే అనుమతి ఉండాలి. పరిస్థితినిబట్టి దారే మూసి ఉండొచ్చు, తెరిపించమని బతిమాలకూడదు. ఈ ఊళ్లలో వాకీటాకీ లేని వీధి ఉండదు. కాపలావాళ్ల దగ్గర చెక్క దిమ్మె కెంతొంగాన్ కూడా వేలాడుతుంది. ఆపకుండా దడదడా కొడితే ప్రమాదం అని అర్థం. కరెంటు పోయినా, మొబైల్ టవర్ పడిపోయినా అది మోగుతుంది.

మగెలాంగ్ జిల్లాలో చూడదగ్గ ఏర్పాటు జత ఊళ్లు. కొండ మీది ప్రతి ప్రమాదపు ఊరికీ కింద ఒక ఊరిని ముందే జతచేశారు. క్రింజింగ్‌వాళ్లు దెయాంగాన్‌కి, ఙర్గోముల్యోవాళ్లు తమనాగుంగ్‌కి. ఎవరు ఏ హాలులో పడుకోవాలి, ఏ బండి ఎవర్ని దించాలి అన్నది కాగితం మీద ముందే ఉంటుంది. 2020 నవంబర్‌లో ముసలివాళ్లని, పిల్లల్ని, గర్భిణుల్ని ముందుగా దించారు. కోవిడ్ రోజులు కాబట్టి హాలులో కుటుంబానికో గదిలా అడ్డుతెరలు కట్టారు. 2010లో ఎక్కడికి పోవాలో తెలియక రోడ్డున పడ్డ రాత్రితో పోలిస్తే ఇది చాలా దూరం వచ్చినట్టే. పశువుల బండి మాత్రం ఇప్పటికీ ఈ పథకంలో బలహీనమైన ముడి.

అయిదో రోజు: బొరొబుదూర్, సెలో

బొరొబుదూర్ పాత బౌద్ధ కట్టడం. దాని పైకి ఎక్కే టికెట్లు రోజుకి పరిమితం, ముందే తీసుకోవాలి. 2010లో ఇక్కడ రెండు మూడు సెంటీమీటర్ల బూడిద పడింది. ఆమ్లం ఉన్న బూడిద, తడిస్తే సిమెంటులా గట్టిపడుతుంది. అందుకే ముందు పొడిగానే కుంచెలతో, చీపుళ్లతో ఊడ్చారు, ఆ తర్వాతే నీళ్లు. శిల్పాల మీదిది పోయినా, రాళ్ల సందుల్లోంచి లోపలి నీటిదారుల్లోకి దిగింది మిగిలింది. నడవా నేల రాళ్లు విప్పి తీయాల్సొచ్చింది. 2014 ఫిబ్రవరిలో తూర్పు జావాలోని కెలుద్ అగ్నిపర్వతం పేలి బూడిద ఇంతదూరం వచ్చేసరికి, స్తూపాల మీద ప్లాస్టిక్ పట్టాలు కప్పే పద్ధతి సిద్ధంగా ఉంది.

అక్కణ్నుంచి తూర్పుగా ఘాట్ రోడ్డెక్కితే సెలో, మెరాపికీ దాని ఉత్తరాన ఉన్న మెర్బాబు కొండకీ మధ్య మెడ. 2018 మే నుంచి మెరాపి ఎక్కడం నిషేధం. చీకట్లో తీసుకెళ్తామనే గైడ్లు దొరికితే వద్దనాలి. ఇటువైపు వేడిమేఘాలు తక్కువ, బూడిద ఎక్కువ. 2023 మార్చి 11న నైరుతిగా బెబెంగ్, క్రాసాక్ లోయల్లోకి వరసగా మేఘాలు దిగినప్పుడు గాలి బూడిదను ఇటువైపు, మగెలాంగ్ పల్లెల మీదికి తోసింది.

ఇక్కడి ఇళ్లలో బూడిద పడ్డ పొద్దున పని ఒక వరసలో జరగాలి. మొదట బావి, నీళ్లతొట్టి మూత, వాననీటి గొట్టం తప్పించడం. తర్వాత కప్పు. సెంటీమీటరు మందం పొడి బూడిద చదరపు మీటరుకి దాదాపు 10 కిలోలు, తడిస్తే రెట్టింపు. 50 చదరపు మీటర్ల కప్పు మీద అది అర టన్ను నుంచి టన్ను. వాన రాకముందే దించాలి. ఎగరకుండా ఉండటానికి చిలకరించినంత తడి చాలు, పైపుతో కొడితే బరువు పెరుగుతుంది, కాలువలు మూసుకుపోతాయి. పెంకు మీద కాలు పెట్టకుండా నిచ్చెన మీంచే పొడవాటి కర్రతో లాగాలి. ఒకరు పైన, ఒకరు నిచ్చెన పట్టుకుని కింద. దించినది మురుగుకాలువలో వేయకుండా సంచుల్లో కట్టాలి. పొగాకు, క్యాబేజీ ఆకుల మీదిది అదే రోజు నీళ్లు కొట్టి కడగాలి. మంచుకి తడిసి ఎండెక్కితే ఆకు మీద మచ్చలు పడతాయి, మచ్చపడ్డ పొగాకుకి వ్యాపారి సగం ధర కూడా ఇవ్వడు.

సెలో నుంచి బోయొలాలి మీదుగా సోలోకి బండి దొరుకుతుంది. సోలోలో రైలెక్కితే గంటకి అటూఇటూగా యోగ్యకర్త. బయల్దేరే ముందు ఆ పూట నివేదిక మరోసారి చూసుకోవాలి. నైరుతి గుమ్మటం పెరుగుతోందని ఉంటే క్రాసాక్ దాటే మగెలాంగ్ దారి మానేసి ఈ తూర్పు దారినే పట్టాలి.